కాచిన నీరు - ఆవిరి నీరు: అనంతపురం పీఠభూమిలో మంచినీటి చరిత్ర, సౌర స్వేదన యంత్రం

వ్యాససంగ్రహం: అనంతపురం కరువును గురించిన రచనలు ఎక్కువగా నీటి పరిమాణాన్ని చర్చిస్తాయి. నీటి గుణం చర్చకు వచ్చేది తక్కువ. నాలుక, బట్ట, నిప్పు అనే మూడు సాధనాలతో తాగునీటిని పరీక్షించుకుంటూ, శుద్ధి చేసుకుంటూ వచ్చిన సమాజానికి, ఆ మూడింటికీ లొంగని ఫ్లోరైడ్ ఎదురైన సందర్భాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఎండతో నీటిని ఆవిరి చేసి పట్టుకొనే సౌర స్వేదన పద్ధతికి ఆ చరిత్రలో ఉన్న చోటును, దాని పరిమితిని నిర్ణయించే ప్రయత్నం చేస్తుంది.

కీలకపదాలు: అనంతపురం, మంచినీరు, చెలమ, ఫ్లోరైడ్, స్వేదనం, సౌరశక్తి, కరువు.

1. 'మంచినీరు' అనే మాట

తెలుగులో తాగే నీటికి వాడుకలో ఉన్న పేరు మంచినీరు. దాహం తీర్చేది అన్న అర్థం ఈ మాటలో నేరుగా లేదు. ఒక నీటిని మరొక నీటి నుంచి వేరు చేసే విశేషణమే ఇందులో ఉంది. మంచినీళ్ళ బావి అని ఒక బావిని ప్రత్యేకంగా పిలిచారంటే, ఆ ఊళ్ళో మంచివి కాని నీళ్ళున్న బావి కూడా ఉందన్నమాట. ఉప్పునీళ్ళు, చవుటినీళ్ళు, తీపినీళ్ళు అనే విభజన రాయలసీమ పల్లెల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. ఇక్కడ 'తీపి' అంటే చక్కెర రుచి కాదు, ఉప్పదనం లేకపోవడం. ఉప్పుబావి నీళ్ళు బట్టలకు, పశువులకు, ఇల్లు అలకడానికి. తీపిబావి నీళ్ళు తాగడానికి, పప్పు ఉడకడానికి. పప్పు ఉడకని నీటిని తాగడానికీ పనికిరానిదిగా ఎంచడం ఇంటి ఆడవాళ్ళు చేసిన రసాయన పరీక్షే. కాల్షియం, మెగ్నీషియం లవణాలెక్కువైన కఠినజలంలో పప్పు సరిగా ఉడకదు.

ఈ విభజనకు శాసనాధారం కూడా ఉంది. కడప మండలంలోని పోరుమామిళ్ళ చెరువు శాసనం క్రీ.శ. 1369 నాటిది. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు వేయించిన ఆ శాసనం చెరువు నిర్మాణానికి పన్నెండు అంగాలను, ఆరు దోషాలను పేర్కొంటుంది. వెయ్యిమంది కూలీలు రెండేళ్ళు పనిచేశారన్న లెక్కను చరిత్రకారులు తరచుగా ఉదాహరిస్తారు. తాగునీటి చరిత్రకు అంతకన్నా ముఖ్యమైన అంశాలు రెండున్నాయి. చెరువుకు నీరిచ్చే నది తీపినీటిది కావాలన్నది అంగాలలో ఒకటి. చవుటినేల దోషాలలో ఒకటి. ఎంత నీరు అన్నదానితో పాటు ఎటువంటి నీరు అన్న ప్రశ్నను పద్నాలుగో శతాబ్దపు జలశాస్త్రం వేసుకున్నదని దీనివల్ల తెలుస్తుంది. తరువాతి కాలపు నీటిపారుదల చర్చల్లో ఈ రెండో ప్రశ్న వెనక్కి పోయింది.

2. నీటిని తెచ్చుకోవడం

అనంతపురం పీఠభూమికి నైరుతి రుతుపవనాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్య రుతుపవనాలు తూర్పుతీరం నుంచి ఇంతదూరం వచ్చేసరికి బలం కోల్పోతాయి. ఏటి సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. ఎండకు ఆవిరయ్యే నీరు దీనికన్నా చాలా ఎక్కువ. లోతు తక్కువ, వైశాల్యం ఎక్కువ ఉన్న చెరువు ఎండాకాలంలో తన నీటిని ఆకాశానికి అప్పగించే పళ్ళెం వంటిది. నీరు పోయి లవణం మిగులుతుంది. వేసవిలో చెరువు అడుగునీరు ఉప్పెక్కడానికి కారణం ఇదే.

అందువల్ల మంచినీటిని దూరం నుంచి తెచ్చుకోవడం ఇక్కడి పాలకులకు పాత అలవాటు. గౌరీబిదనూరు ప్రాంతంలో దొరికిన 1388 నాటి కన్నడ శాసనం ఒకటి ప్రతాప బుక్కరాయల ఆజ్ఞను చెబుతుంది. హెన్నె నదిని పెనుగొండకు తీసుకురావాలన్నది ఆ ఆజ్ఞ. పది విద్యల్లో చక్రవర్తిగా శాసనం కీర్తించిన జలసూత్ర నిపుణుడు సింగయభట్టు సిరువెర చెరువు వరకు కాలువ తవ్వించి, దానికి రాజు పేరు పెట్టాడు. హెన్నె అన్నది మన పెన్నయే. కన్నడంలో పదాది పకారం హకారంగా మారడం భాషాశాస్త్ర విద్యార్థులకు తెలిసిన విషయమే. ఒక నదీనామం రెండు భాషల్లో రెండు రూపాల్లో ప్రవహించినట్టే ఆ నీరు కూడా నేటి రెండు రాష్ట్రాల మీదుగా ప్రవహించింది.

రాజధానులకు కాలువ ఉండేది. పల్లెకు మిగిలింది దిగుడుబావి, చెలమ. ఎండిన పెన్న, చిత్రావతి ఇసుకలో మోచేతి లోతునో నడుము లోతునో తవ్వితే ఊరే నీటిగుంట చెలమ. ఇసుక పొరలు నీటిని వడగడతాయి, ఎండ నుంచి కాపాడతాయి. విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట'లో కావ్యవస్తువైన పెన్న ఇటువంటి ఇసుకపెన్నే. అయితే ఊరి దిగుడుబావి అందరిదీ కాదు. దళితులకు ఆ మెట్లు నిషిద్ధం. ఎవరైనా పోస్తే కడవ పట్టుకోవాలి, లేదా ఏటి చెలమకు నడవాలి. నీటి గుణాన్ని ఎంచుకొనే అవకాశం కులాన్ని బట్టి ఉండేదన్న వాస్తవాన్ని పక్కనపెట్టి తీపిబావుల సంప్రదాయాన్ని కీర్తించడం సరికాదు.

3. బట్ట, గింజ, నిప్పు

సంప్రదాయ శుద్ధి పద్ధతుల్లో మొదటిది చిల్లగింజ. దీనికే ఇండుపగింజ అని పేరు. సంస్కృతంలో కతకం. గింజను కుండ లోపలి అంచుకు అరగదీస్తే నీటిలోని మన్ను అడుగుకు చేరుతుంది. నీరు తేటపడుతుంది. తేటపడిన నీరు సురక్షితమైనదని అర్థం కాదు. ఈ పద్ధతి కంటికి కనిపించే మలినానికి మాత్రమే మందు.

రెండోది వడగట్టడం. దిగుడుబావిలోకి కాళ్ళతో దిగి నీరు ముంచుకొనే చోట్ల నారికురుపు వ్యాధి ఉండేది. కాలిలోంచి బయటపడే నారిపురుగు నీటిలో పిల్లలను వదులుతుంది. వాటిని మింగిన నీటి ఈగల ద్వారా అవి మళ్ళీ మనిషి కడుపులోకి చేరతాయి. నీటి ఈగ కంటికి కనిపించీ కనిపించనంత ఉంటుంది కనుక దట్టమైన బట్ట చాలు. 1980ల మొదట్లో ప్రారంభమైన జాతీయ నారికురుపు నిర్మూలన కార్యక్రమం ఈ చిన్న సూత్రాన్నే ప్రచారం చేసింది. దానితోపాటు దిగుడుబావులను మూయించి, చేదబావులుగా మార్పించి, బోరింగులు వేయించింది. వ్యాధి ఉన్న ఏడు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. దేశంలో చివరి కేసు 1996లో నమోదైంది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశాన్ని ఈ వ్యాధి లేని దేశంగా ధ్రువీకరించింది.

మూడోది కాచడం. 1876-78 నాటి మహాక్షామాన్ని తెలుగువారు ధాత కరువుగా గుర్తుపెట్టుకున్నారు. అనంతపురం అప్పటికి బళ్ళారి జిల్లాలో భాగం. 1882లో గాని ప్రత్యేక జిల్లా కాలేదు. ఆ క్షామంలో ఆకలితో పాటు కలరా కూడా ప్రాణాలు తీసింది. కలరా నీటి ద్వారా వ్యాపిస్తుందన్న జ్ఞానం స్థిరపడిన తరువాత 'కాచి చల్లార్చిన నీరు' అన్నది ప్రజారోగ్య శాఖ మంత్రమైంది. పాఠ్యపుస్తకాలు, గోడరాతలు, రేడియో ఈ మాటను మూడు తరాలకు నేర్పాయి. సూక్ష్మక్రిములకు సంబంధించినంతవరకు అది నిజం.

4. లోతు తెచ్చిన మార్పు

1966-67 నాటి ఉత్తర భారత కరువు తరువాత యునిసెఫ్ సాయంతో కఠినశిలను తొలిచే యంత్రాలు దేశంలోకి వచ్చాయి. 1970ల చివరికి ఇండియా మార్క్-2 చేతిపంపు రూపుదిద్దుకుంది. రాయలసీమ పల్లెవాడుకలో ఇది బోరింగు. కలరాకు, నారికురుపుకు బోరింగు ఇచ్చిన సమాధానం తిరుగులేనిది. మూతపెట్టిన గొట్టంలోంచి వచ్చే నీటిలో కాలు పెట్టడానికి వీలులేదు. ఆ ఉపకారాన్ని తక్కువచేసి చెప్పడం చరిత్రకు న్యాయం కాదు.

ఆ గొట్టం చేరిన లోతులో వేరొక సమస్య ఉంది. అనంతపురం అడుగున ఉన్నది గ్రానైట్, నైస్ శిలలు. వీటిలోని ఫ్లోరైట్, అపటైట్, బయొటైట్ ఖనిజాలలో ఫ్లోరిన్ ఉంటుంది. శిలల పగుళ్ళలో ఏళ్ళతరబడి నిలిచిన నీరు సోడియం బైకార్బొనేట్ స్వభావం పొంది, కాల్షియాన్ని కోల్పోతుంది. కాల్షియం తగ్గినకొద్దీ ఫ్లోరైడ్ ఎక్కువగా కరుగుతుంది. వానలు తక్కువై, తోడకం ఎక్కువై, బోర్లు లోతుకు పోయినకొద్దీ ఈ పాతనీరే పైకి వస్తుంది. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకపోవడం మేలు. వేరే దిక్కు లేనప్పుడు 1.5 వరకు అనుమతి.

తెలుగునేలకు ఈ వ్యాధి అప్పటికే తెలుసు. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు పరిశోధకులు నాటి నెల్లూరు జిల్లాలో, నేటి ప్రకాశం ప్రాంతంలో, ఫ్లోరోసిస్‌ను గుర్తించి ప్రచురించారు. భారతదేశంలో మనుషుల్లో ఈ వ్యాధిని గుర్తించిన తొలి నివేదిక అదే. పిల్లల పళ్ళమీద గోధుమరంగు చారలు తొలి లక్షణం. జనం వీటిని గారపళ్ళు అంటారు. తరువాత వెన్ను, మోకాళ్ళు బిగుసుకుంటాయి. ఎముకల్లో చేరిన తరువాత దీనికి చికిత్స లేదు. నివారణ ఒక్కటే మార్గం.

ఇక్కడే పాత సాధనాలన్నీ ఒక్కసారిగా పనికిరాకుండా పోయాయి. లీటరుకు రెండు మూడు మిల్లీగ్రాముల ఫ్లోరైడ్‌కు రుచి లేదు కనుక నాలుక దాన్ని పట్టలేదు. తేటనీరు తియ్యగానే ఉంటుంది. నీటిలో కరిగిపోయిన దాన్ని బట్ట వడగట్టలేదు. అన్నిటికన్నా విచారకరమైనది నిప్పు సంగతి. నీటిని కాచినప్పుడు పైకి పోయేది నీటి ఆవిరి. ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉంటుంది. రెండు లీటర్లు మరిగి ఒకటిన్నర లీటర్లయితే, అందులోని ఫ్లోరైడ్ సాంద్రత మూడింట ఒకవంతు పెరుగుతుంది. మూడు తరాలు నమ్మిన మంత్రం ఈ ఒక్క విషానికి వ్యతిరేక ఫలితం ఇస్తుంది. ఎక్కువసేపు మరిగిస్తే మరింత మంచిదనుకొనే జాగ్రత్తగల తల్లి ఇంట్లోనే నీరు మరింత చెడుతుంది. కలరా కాలపు నినాదాన్ని ఫ్లోరైడ్ నేలలో వివరణ లేకుండా కొనసాగించడం ప్రజారోగ్య ప్రచారంలోని పెద్దలోపంగా చెప్పవలసి ఉంటుంది.

5. ఆవిరిని పట్టుకోవడం

గిన్నెలో మిగిలిన నీటిని వదిలి, మూతకు అంటిన చెమటను తీసుకుంటే ఫలితం తలకిందులవుతుంది. ఆవిరిలో ఫ్లోరైడ్ లేదు, ఉప్పు లేదు, క్రిమి లేదు. దీనిని తెలుగు శాస్త్రగ్రంథాలు స్వేదనం అన్నాయి. స్వేదం అంటే చెమట. మాట ఎంచుకున్నవారెవరో గాని మూతమీది బిందువులను చూసే ఎంచుకున్నట్టుంది. రసశాస్త్ర గ్రంథాల్లోని పాతనయంత్రాలు, పల్లెల సారా బట్టీలు ఈ సూత్రం మీద పనిచేసేవే. నీటిని తాగడానికి బట్టీ పట్టాలన్న ఆలోచన మాత్రం ఈ నేలమీద బలపడలేదు. కట్టెల ఖర్చు అందుకు ప్రధాన కారణం కావచ్చు.

కట్టెకు బదులు ఎండను వాడినవారు వేరేచోట ఉన్నారు. ధాత కరువుకు నాలుగేళ్ళు ముందు, 1872లో, దక్షిణ అమెరికాలోని చిలీ దేశపు ఎడారిలో, లాస్ సలీనాస్ అనేచోట, చార్లెస్ విల్సన్ అనే ఇంజనీరు కొయ్య తొట్లమీద ఏటవాలుగా గాజుపలకలు పరిచాడు. సుమారు 4,700 చదరపు మీటర్ల గాజు అది. సురేకారం గనులకు అవసరమైన మంచినీటిని గనుల ఉప్పునీటి నుంచే తయారుచేసింది. బాగా ఎండకాసిన రోజున దాదాపు 22,000 లీటర్లు వచ్చేవి. అది నలభై ఏళ్ళకు దగ్గరగా పనిచేసింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో మరియా టెల్కెస్ అనే శాస్త్రవేత్త, సముద్రంలో కూలిన విమానాల సిబ్బంది తెప్పమీద వాడుకొనేందుకు గాలితో ఉబ్బించే ప్లాస్టిక్ స్వేదన యంత్రాన్ని రూపొందించింది. మన దేశంలో భావనగర్‌లోని కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ ఈ పనిని చేపట్టి, 1978లో ఆవానియా గ్రామంలో తాగునీటికోసం పెద్ద సౌర స్వేదన కేంద్రాన్ని నిర్మించింది.

యంత్రమనడానికి అందులో కదిలే భాగమేదీ లేదు. నల్లరంగు పూసిన నిస్సారమైన తొట్టి, దానిలో రెండు మూడు అంగుళాల లోపు నీరు, పైన ఏటవాలు గాజు, గాజు కింది అంచున ఒక సన్నని కాలువ. ఎండకు తొట్టి వేడెక్కుతుంది. ఆవిరి చల్లని గాజుకు తగిలి బిందువై కాలువలోకి జారుతుంది. నీటిని మరిగించవలసిన పనిలేదు. అరవై, డెబ్బై డిగ్రీలు చాలు.

బతికి బయటపడేందుకు వాడే గొయ్యి పద్ధతి దీనికి తమ్ముడు. 1965లో అమెరికాలోని అరిజోనా రాష్ట్రానికి చెందిన జాక్సన్, వాన్ బావెల్ అనే పరిశోధకులు 'సైన్స్' పత్రికలో దీనిని ప్రకటించారు. నేలలో గొయ్యి తవ్వి, మధ్యలో గిన్నె పెట్టి, పారదర్శకమైన ప్లాస్టిక్ కప్పి, గిన్నెకు సరిగ్గా పైన ఒక రాయి ఉంచుతారు. మట్టిలోని చెమ్మ ఆవిరై ప్లాస్టిక్‌కు అంటి గిన్నెలో పడుతుంది. అనంతపురం సందర్భంలో దీని విలువను జాగ్రత్తగా అంచనా వేయాలి. మే నెల ఎర్రనేలలో చెమ్మ బహుతక్కువ. గొయ్యి తవ్వినవాడు కార్చిన చెమటకన్నా గిన్నెలో చేరిన నీరు తక్కువ కావచ్చు. చెమ్మ ఉన్నది వంకల ఇసుకలో. అక్కడ అదే లోతు గొయ్యి తవ్వితే చెలమే ఊరుతుంది. ఎడారి నిపుణులు కనుగొన్న గొయ్యికన్నా ఇక్కడి గొర్రెల కాపరి తవ్వే గొయ్యి ఎక్కువ నీరిస్తుంది. అయితే చెలమనీరు ఉప్పగానో మురికిగానో ఉన్నప్పుడు, ఆ నీటినే గొయ్యిలో గిన్నె చుట్టూ పోసి ప్లాస్టిక్ కప్పితే రెండు పద్ధతులూ కలిసి పనిచేస్తాయి. చెలమ పరిమాణాన్ని ఇస్తుంది, స్వేదనం గుణాన్ని ఇస్తుంది.

6. పావు ఎకరం గాజు

ఇంత సరళమైన సాధనం ఈ జిల్లాలో ఇంటింటికీ ఎందుకు రాలేదన్న ప్రశ్నకు సమాధానం లెక్కలో ఉంది. ఇక్కడ ఒక చదరపు మీటరు మీద రోజుకు సగటున 20 మెగాజౌళ్ళ వరకు సూర్యశక్తి పడుతుంది. లీటరు నీటిని ఆవిరి చేయడానికి సుమారు 2.4 మెగాజౌళ్ళు కావాలి. ఒక్క చుక్క వేడి వృథా కాకపోతే ఎనిమిది లీటర్లు రావాలి. గాజు నుంచి, తొట్టి అడుగు నుంచి పోయే వేడి పోగా నిజానికి వచ్చేది రెండు నుంచి నాలుగు లీటర్లు. మూడనుకుంటే మనిషికొక చదరపు మీటరు. వెయ్యిమంది ఉన్న ఊరికి తాగడానికి మాత్రమే 1,000 చదరపు మీటర్లు, అంటే దాదాపు పావు ఎకరం గాజు. జల్ జీవన్ మిషన్ నిర్దేశించిన 55 లీటర్ల లెక్కకు పోతే నాలుగున్నర ఎకరాలు. ఆ గాజుమీది ఎర్రదుమ్మును తుడవాలి, తొట్టిలో పేరుకున్న లవణాన్ని కడగాలి, పగిలిన పలకలు మార్చాలి.

అందుకే జిల్లా మళ్ళీ పాతదారినే పట్టింది, నీటిని దూరం నుంచి తెచ్చుకుంది. శ్రీ సత్యసాయి సెంట్రల్ ట్రస్టు 1990ల మధ్యలో చేపట్టిన పథకం 700కు పైగా గ్రామాలకు గొట్టాల ద్వారా తాగునీటిని అందించింది. 1999 నవంబరులో తపాలాశాఖ విడుదల చేసిన స్టాంపు ఈ పథకాన్ని గుర్తించింది. సింగయభట్టు కాలువకు ఆరువందల ఏళ్ళ తరువాతి రూపం ఇదని చెప్పవచ్చు. ఒక భేదం ఉంది. ఈసారి నీరు రాజధానికి కాక పల్లెకు చేరింది.

గొట్టం చేరని చోట, చేరినా నీరు రాని రోజున, ఆర్.ఓ. ప్లాంట్లు వచ్చాయి. 2014 అక్టోబరు 2న రాష్ట్ర ప్రభుత్వం ప్రారంభించిన ఎన్టీఆర్ సుజల పథకం రెండు రూపాయలకు 20 లీటర్ల క్యాను ఇస్తామన్నది. సౌర స్వేదనం ఓడిపోయింది ఇక్కడే. ఒక చదరపు మీటరు సౌరఫలకం రోజుకు దాదాపు ఒక యూనిట్ విద్యుత్తునిస్తుంది. ఆ ఒక్క యూనిట్‌తో ఆర్.ఓ. యంత్రం వందల లీటర్ల బోరునీటిని శుద్ధి చేయగలదు. అదే ఎండ, అదే వైశాల్యం. గాజుతొట్టి ఇచ్చేది మూడు లీటర్లు. ఒకప్పుడు ఇదే జిల్లాలో ఉన్న నంబులపూలకుంటలో మెగావాట్ల లెక్కన సౌరఫలకాలు పరుచుకోవడం వెనుక ఉన్నదీ ఇటువంటి లెక్కే.

ఆర్.ఓ.కు కావలసినవి మాత్రం చాలా ఉన్నాయి. ఒత్తిడి మోటారు, పొరలు, వాటిని మార్చే మెకానిక్, నిర్వహణకు డబ్బు కావాలి. పోసిన నీటిలో తరచు సగం లేదా అంతకన్నా ఎక్కువ భాగం వ్యర్థంగా బయటికి పోతుంది. తోడిన ఫ్లోరైడ్ అంతా ఆ వ్యర్థజలంలో చిక్కబడి ప్లాంటు పక్క కాలువలోకి, అక్కడినుంచి అదే నేలలోకి ఇంకుతుంది. గాజుతొట్టిలో చివరకు మిగిలేది ఉప్పుమడ్డి. ఎత్తి పోయవచ్చు, ఎక్కడ పోశామో చెప్పవచ్చు. నీటికొరత ఉన్నచోట బోరునీటిలో సగం వదులుకొనే పద్ధతిని చవక అనడంలో ఆ వదిలిన సగానికి ధర కట్టలేదు.

స్వేదనజలానికి ఉన్న అభ్యంతరాలు కూడా గమనించదగినవి. అందులో ఖనిజలవణాలు ఉండవు. రుచి చప్పగా ఉంటుంది. సురక్షితమైన వేరే నీరు కొద్దిగా దొరికితే కలుపుకోవడం మంచిది. సులభంగా ఆవిరయ్యే రసాయనాలు నీటిలో ఉంటే అవీ గాజుదాకా ఎగిరివస్తాయి కనుక, పురుగుమందులు కలిసిన నీటికి ఈ పద్ధతిని నమ్మరాదు. జారే కాలువ, పట్టే పాత్ర శుభ్రంగా లేకపోతే శుద్ధమైన బిందువు చివరి జానెడు దూరంలో చెడిపోతుంది.

వీటన్నిటినీ తీసివేశాక సౌర స్వేదనానికి మిగిలే చోటు చిన్నదే గాని ఖాళీది కాదు. ఫ్లోరైడ్ హాని ఎక్కువగా తగిలేది శాశ్వత దంతాలు ఏర్పడే వయసులో, అంటే పుట్టినప్పటినుంచి ఎనిమిదేళ్ళ వరకు. ఊరంతటికీ 55 లీటర్లు ఇవ్వలేని గాజుతొట్టి, ఒక అంగన్‌వాడీలోని ఇరవైమంది పిల్లలకు బడివేళల్లో తాగేందుకు తలా అర లీటరు ఇవ్వగలదు. పదిలీటర్లకు నాలుగు చదరపు మీటర్లు చాలు. కరెంటు అక్కర్లేదు, బోరింగు నీరే ముడిసరుకు. ఒంటరి తండాకు, గొర్రెలమందతో నెలల తరబడి తిరిగే కాపరికి, గొట్టం పగిలి ట్యాంకరు రాని వారానికి కూడా ఈ లెక్క సరిపోతుంది. ఇదే జిల్లా పల్లెల్లో ట్రాక్టరు బ్యాటరీకి, ఇన్వర్టరుకు మాత్రం స్వేదనజలం సీసాల్లో కొని పోస్తున్నారు. లవణం పేరుకుంటే పలకలు చెడిపోతాయని బ్యాటరీ విషయంలో అందరికీ తెలుసు.